ఆత్మల రవాణానా, మనుషుల బేరమా?

సందేహం: మూకీల కాలం నాటి అమెరికా సినిమా ‘ట్రాఫిక్ ఇన్ సోల్స్’ పేరును ఒకచోట ‘ఆత్మల రవాణా’ అని తెలుగు చేశారు. సరైనదేనా? పేపర్లలో రాసే ‘మహిళల అక్రమ రవాణా’ కూడా నాకు మింగుడుపడదు. అక్రమ రవాణా ఉంటే సక్రమ రవాణా కూడా ఉండాలి కదా?

సమాధానం: ఆత్మల రవాణా యమభటుల పని. 1913లో వచ్చిన ఆ సినిమాలో భటులు లేరు, న్యూయార్క్‌లో ఆడపిల్లల్ని మాయచేసి వేశ్యాగృహాలకు చేర్చే ముఠా ఉంది. ముఠా నాయకుడు పైకి సంఘసంస్కర్త! ఓడ దిగిన స్వీడన్ అక్కచెల్లెళ్ల కోసం ఆ కొంప గుమ్మానికి ‘స్వీడిష్ ఎంప్లాయ్‌మెంట్ ఏజెన్సీ’ అని బోర్డు తగిలిస్తారు. ఊరుగాని ఊళ్లో సొంత దేశం పేరు కనిపిస్తే ఎవరు మాత్రం నమ్మరు? మాటల్లేని సినిమాలో ఆ బోర్డే అబద్ధమాడుతుంది.

ఇక్కడ ‘సోల్’ అంటే ఆత్మ కాదు, మనిషి. ‘ఇంట్లో ఐదు ప్రాణాలున్నాయి’ అని మనం అనమూ, అలా. ‘ట్రాఫిక్’కు ఇంగ్లీషులో పాత అర్థం వర్తకం. బండ్ల రద్దీ అనే అర్థం చాలా తర్వాతది. మనకు పరిచయమైంది రద్దీలో ఇరుక్కున్న ట్రాఫిక్ కాబట్టి రవాణా గుర్తొచ్చింది కాబోలు.

మీ రెండో అనుమానమూ సబబే. ‘అక్రమ రవాణా’ ఇసుకకు చక్కగా నప్పుతుంది, పర్మిట్ ఉంటే అదే ఇసుక సక్రమంగా వెళుతుంది. మనుషులకు అలాంటి పర్మిట్ ఏదీ? పైగా ఐక్యరాజ్యసమితి 2000లో ఆమోదించిన ఒప్పంద నిర్వచనంలో తరలించడం ఒక భాగం మాత్రమే. దోపిడీ కోసం మోసంతో పనికి కుదర్చడం, దాచి ఉంచడం కూడా అందులోకి వస్తాయి. ఊరు దాటించకపోయినా నేరం నేరమే.

‘తార్చడం’ అనే పాత మాట ఉంది గానీ, అది విటుడి దగ్గరికి చేర్చడం వరకే. ‘తెల్ల బానిసల వ్యాపారం’ అన్నది ఈ నేరానికే 1910 నాటి అమెరికా చట్టం పేరులో వాడిన మాట. నల్లపిల్లలు ఏమయ్యారో ఆ పేరు చెప్పదు. ఐక్యరాజ్యసమితికి ముందున్న నానాజాతి సమితి 1921 ఒప్పందంలో రంగు తీసేసి ‘స్త్రీలు, పిల్లలు’ అన్నారు, నయం.

గల్ఫ్‌లో మోసపోయి తిరిగొచ్చిన మన ఆడవాళ్లు ‘ఏజెంటు నన్ను అమ్మేశాడు’ అంటారు. ‘అక్రమంగా రవాణా చేశాడు’ అని ఒక్కరూ అనగా నేను వినలేదు. కాబట్టి సినిమా పేరుకు ‘మనుషుల బేరం’ అంటే చాలు. పేపర్లో ‘మనుషుల వ్యాపారం’ అని రాసినా అందరికీ అర్థమవుతుంది.