మోకాలి మార్పిడి అయిన మూడు వారాలకు కూడా కాలు బిగువుగా ఉంటే భయపడాలా?

అమ్మగారికి ఆపరేషన్ జరిగి మూడు వారాలైనా మోకాలు వాచి, వేడిగా, పట్టేసినట్టు ఉందని అడిగారు. ఈ దశలో అది మామూలే. వాపు పూర్తిగా తగ్గడానికి చాలా నెలలు పడుతుంది, కొందరికి ఏడాది కూడా.

అందరూ కాలు ఎంత వంగుతోందనే టెన్షన్ పడతారు. నిజానికి కాలు తిన్నగా చాపగలగడం కూడా అంతే ముఖ్యం. హాయిగా ఉంటుందని మోకాలి కింద దిండు పెట్టుకుని గంటలు గంటలు పడుకుంటారు. దయచేసి అది మాన్పించండి. కాలు కాస్త వంగినట్టే బిగుసుకుపోయి, తర్వాత నడకలో కుంటు మిగులుతుంది. దిండు మడమ కింద పెట్టి, మోకాలిని మెల్లగా మంచం వైపు నొక్కమనండి.

వంపు 90 డిగ్రీలు దాటితే కుర్చీలోంచి లేవడం సులువవుతుంది. డాక్టర్ రాసిన నొప్పి మాత్ర వ్యాయామానికి అరగంట ముందు పడేలా చూడండి. నొప్పి భయంతో వ్యాయామం మానేస్తేనే అసలు నష్టం. తర్వాత ఐస్ ప్యాక్‌ను గుడ్డలో చుట్టి 15 నిమిషాలు పెట్టండి. వాపు ఉన్నప్పుడు వేడి కాపడం వద్దు.

కింద కూర్చోవడం, ఇండియన్ టాయిలెట్ వాడటం వద్దు. పూజకు పీట బదులు కుర్చీ వేయండి, దేవుడేమీ అనుకోడు.

పిక్కలో కొత్తగా నొప్పి, వాపు వచ్చినా, జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర చీము కారినా ఆ రోజే సర్జన్‌కు చూపించండి. ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే మాత్రం వెంటనే 108కి ఫోన్ చేయండి.