అమెరికా ట్రిప్ కోసం ఎమర్జెన్సీ ఎఫ్‌డీని ముట్టుకోవద్దు

ప్రశ్న: నా వయసు 37. హైదరాబాద్ కూకట్‌పల్లిలో ఉంటాం. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, నెలకు చేతికి 1.15 లక్షలు వస్తాయి. నా భార్య ప్రైవేటు స్కూల్లో టీచరు, జీతం 28 వేలు. హోమ్ లోన్ ఈఎంఐ 38,000, కారు ఈఎంఐ 12,500. పాప ఫీజు, అమ్మానాన్నల మందులతో కలిపి ఇంటి ఖర్చు 62 వేలు. మా అక్కావాళ్లు అట్లాంటా దగ్గర కమింగ్‌లో ఉంటారు. దసరా సెలవుల్లో మేం ముగ్గురం, అమ్మానాన్నలతో కలిసి 17 రోజులు వెళ్లి అట్లాంటా, సవానా, చార్ల్‌స్టన్, న్యూ ఆర్లీన్స్, నాష్‌విల్, మెంఫిస్ చూడాలనుకుంటున్నాం. అందరికీ వీసా వచ్చింది. ఖర్చు 11.5 లక్షలు. ఎమర్జెన్సీ కోసం ఉంచిన 4.5 లక్షల ఎఫ్‌డీ తీసేసి, ప్రీ-అప్రూవ్డ్ పర్సనల్ లోన్ 6 లక్షలు (14 శాతం, మూడేళ్లు) తీసుకుని, మిగతా లక్ష క్రెడిట్ కార్డు మీద పెడదామని ప్లాన్. మా టీమ్‌లో ఇద్దరిని ఈమధ్యే ప్రాజెక్టు లేకుండా బెంచ్ మీద కూర్చోబెట్టారు, అందుకే కొంచెం టెన్షన్‌గా ఉంది. నాన్నకు 67 ఏళ్లు, రెండేళ్ల క్రితం స్టెంట్ వేశారు. కంపెనీ హెల్త్ పాలసీలో అమ్మానాన్నలు కూడా ఉన్నారు కాబట్టి ట్రావెల్ ఇన్సూరెన్స్ వద్దనుకున్నాం. ఇంతకంటే తక్కువ వడ్డీకి డబ్బు దొరికే దారి ఉందా?

జవాబు: మీరు ఉత్తరంతో పాటు పంపిన నోట్‌బుక్ పేజీ ఫొటోను చాలాసేపు చూశాను. టిక్కెట్లు, హోటళ్లు, అద్దె కారు, తిండి, అక్కకు తీసుకెళ్లే ఆవకాయ, పూతరేకులు, ఒక్కొక్కటీ శ్రద్ధగా రాశారు. చివరి నుంచి రెండో లైన్లో ‘ఇన్సూరెన్స్ 24,000’ అని ఉంది. దాని మీద ఎర్ర పెన్నుతో అడ్డంగా రెండు గీతలు కొట్టి, పక్కన చిన్న అక్షరాలతో ‘బావ వద్దన్నాడు’ అని రాశారు. మీ ఉత్తరానికి ఇంత వివరంగా జవాబు రాయడానికి కారణం ఆ రెండు గీతలే. వేసవి ముందు, దసరా ముందు నాకు ఇలాంటి పేజీలు వస్తూనే ఉంటాయి. కోత పెట్టాల్సి వస్తే మొదట ఇన్సూరెన్స్ మీద పడతారు. డబ్బు చాలకపోతే మొదట ఎమర్జెన్సీ ఎఫ్‌డీని విరగ్గొడతారు.

ముందు ఆ ఎఫ్‌డీ సంగతి చూద్దాం. జీతం ఆగిపోయినా మీ ఇంట్లో ఆగని ఖర్చు నెలకు 1,12,500. ఆరు నెలలకు 6.75 లక్షలు చేతిలో ఉండాలి. మీ దగ్గర ఉన్నవి 4.5 లక్షలు, అంటే సరిగ్గా నాలుగు నెలలకు సరిపోతాయి. ఇప్పటికే రెండు నెలల డబ్బు తక్కువ పడింది. ఇక లోన్ తీసుకుంటే 6 లక్షలకు ఈఎంఐ దాదాపు 20,500 పడుతుంది. అప్పుడు ఆగని ఖర్చు నెలకు 1.33 లక్షలు. ఆరు నెలలకు కావాల్సింది 8 లక్షలు, చేతిలో ఉండేది సున్నా. ఇప్పుడు నెలకు మీకు మిగిలే 30 వేలు కాస్తా 10 వేలకు పడిపోతాయి. ఆ పది వేలు తప్పకుండా దాచినా, మూడేళ్లకు లోన్ తీరాక మళ్లీ 30 వేలు దాచినా, 4.5 లక్షలు పోగయ్యేసరికి 39 నెలలు పడుతుంది. బెంచ్ మీద కూర్చున్న ఆ ఇద్దరి పక్కన మూడో కుర్చీ వేస్తే, ఈ 39 నెలల్లో ఏ నెల వేసినా మీ దగ్గర ఈఎంఐలకు సరిపడా డబ్బు ఉండదు. హోమ్ లోన్ ఉన్న ఇంట్లో ఆ పరిస్థితి రానివ్వకూడదు.

మూడేళ్లలో ఆ లోన్‌కి మీరు కట్టే వడ్డీ 1.38 లక్షలు. కార్డు మీద పెట్టే లక్షను మర్నెలలో పూర్తిగా కట్టలేకపోతే చాలా కార్డుల్లో నెలకు మూడు, మూడున్నర శాతం వడ్డీ పడుతుంది. డాలర్లలో గీకినందుకు బ్యాంకు వేసే అదనపు రుసుము (మార్కప్), దాని మీద జీఎస్టీ వేరే. ప్రీ-అప్రూవ్డ్ అంటే బ్యాంకు తన వసూలు లెక్క చూసుకుని పంపిన మెసేజ్. మీ నాన్నగారి స్టెంట్ గురించి, మీ టీమ్ పరిస్థితి గురించి దానికి ఏమీ తెలియదు. ఊళ్లు తిరిగి రావడానికి అప్పు చేయొద్దని ఇరవై ఏళ్లుగా చెబుతూనే ఉన్నాను, మీకూ అదే చెబుతున్నాను. గోల్డ్ లోన్, ఎఫ్‌డీ మీద లోన్ కాస్త తక్కువ వడ్డీకి దొరుకుతాయి, అవీ అప్పులే, వద్దు. పీఎఫ్ జోలికి అసలు వెళ్లొద్దు.

‘అందరికీ వీసా వచ్చింది’ అని రాశారు. పాస్‌పోర్టు తీసి వీసా మీద గడువు తేదీ చూడండి. మనవాళ్లకు బి1/బి2 అనే సందర్శకుల వీసా మామూలుగా పదేళ్లకు ఇస్తారు, ఎన్నిసార్లైనా వెళ్లి రావచ్చు. ఈ దసరాకే వెళ్లాలన్న తొందర ఆ వీసాలో ఎక్కడా లేదు.

ఇప్పుడు ఇన్సూరెన్స్. మీ కంపెనీ పాలసీ కాగితం ఒకసారి తీసి చదవండి. చాలా గ్రూప్ పాలసీలు మన దేశంలో చేయించుకున్న వైద్యానికే డబ్బు ఇస్తాయి. అమెరికాలో 1986 నుంచి ఒక చట్టం ఉంది. దాని ప్రకారం దాదాపు అన్ని ఆసుపత్రుల ఎమర్జెన్సీ విభాగాల్లో డబ్బు సంగతి అడక్కుండా ముందు పరీక్ష చేయాలి, ప్రాణాపాయం ఉంటే దాన్నుంచి గట్టెక్కించాలి. అందుకే ‘వైద్యం చేయకుండా వదిలేయరులే’ అని బావలు, బావమరుదులు ధైర్యం చెబుతుంటారు. వైద్యం చేస్తారు, నిజమే. బిల్లు మీ అక్క అడ్రసుకు వస్తుంది.

కొన్నేళ్ల క్రితం నా దగ్గరికి వచ్చే ఒక కుటుంబం సవానా వెళ్లింది. అక్కడ నది ఒడ్డున రివర్ స్ట్రీట్ అని ఉంది. పాతకాలంలో ఓడల్లో బరువు కోసం వేసుకొచ్చిన రాళ్లతో పరిచిన వీధి. పైవీధి నుంచి అక్కడికి దిగడానికి నిటారుగా రాతిమెట్లు ఉంటాయి, ఒక మెట్టు ఎత్తు, ఒక మెట్టు పల్లం. వాన పడి ఆగిన సాయంత్రం ఆ అమ్మ చీరకుచ్చెళ్లు ఒక చేత్తో పట్టుకుని దిగుతూ జారిపడ్డారు. మణికట్టు విరిగింది. ఇన్సూరెన్స్ లేదు. అంబులెన్స్ బిల్లు ఒకటి, ఎమర్జెన్సీ బిల్లు ఒకటి, డాక్టరు ఫీజు ఇంకొకటి, ఎక్స్‌రే చూసినవాళ్లది మరొకటి, వాళ్లు ఇండియా వచ్చేశాక కూడా నెలల తరబడి కవర్లు వస్తూనే ఉన్నాయి. ఎమర్జెన్సీ డబ్బు అప్పటికే టిక్కెట్లకు పోయింది. కోడలి గాజులు తాకట్టులో పెట్టారు. అది విరిగిన మణికట్టు. మీ నాన్నగారిది గుండె.

పాలసీ తీసుకునేటప్పుడు స్టెంట్ సంగతి దాచకుండా రాయండి. ‘రాస్తే ప్రీమియం పెరుగుతుంది’ అని ఏజెంటు చెప్పినా రాయండి, దాచితే క్లెయిమ్ నిలబడదు. ముందు నుంచి ఉన్న జబ్బులకు చాలా పాలసీలు ప్రాణాపాయం వచ్చినప్పుడు మాత్రమే, అదీ ఒక పరిమితి వరకే ఇస్తాయి. ఆ పరిమితి ఎంతో, 60 దాటినవాళ్లకు ఒక్కో చికిత్సకు విడిగా సీలింగ్ పెట్టారేమో చూడండి. అమెరికా కంపెనీల విజిటర్ పాలసీల్లో చవకగా కనిపించేవి చాలావరకు ఒక్కో చికిత్సకు ఇంతని ముందే రేటు కట్టేసి ఉంటాయి, మిగతాది మీ జేబులోంచే. మీ నాన్నగారికి కాంప్రహెన్సివ్, అంటే అలా ఒక్కో చికిత్సకు రేటు కట్టని పాలసీ తప్ప ఇంకేదీ తీసుకోవద్దు. అక్టోబరులో వెళ్తే ఇంకో చిక్కు ఉంది. జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా అక్కడ తుపాన్ల కాలం. తుపానుకు పేరు పెట్టాక కొన్న పాలసీ ఆ తుపాను వల్ల రద్దయిన టిక్కెట్టుకు మామూలుగా డబ్బు ఇవ్వదు.

మీరు ఎంచుకున్న ఊళ్ల గురించి నాకు ఏ అభ్యంతరమూ లేదు. నేనూ తిరిగాను, మీ అమ్మానాన్నలు తప్పక చూడాలి. న్యూ ఆర్లీన్స్‌లో కేఫ్ డు మోండ్ 1862 నుంచి ఉంది. బెన్యేలు, అంటే నూనెలో వేయించిన పిండి ముక్కలు, ప్లేటుకు మూడు ఇస్తారు. వేడివేడిగా, పైన మంచులా పంచదార పొడి కుమ్మరించి ఉంటుంది. నవ్వుతూ తింటే ఆ పొడి చొక్కా మీదంతా పడుతుంది. కాఫీలో చికోరీ కలుపుతారు కాబట్టి మన నోటికి కొత్తగా ఏమీ అనిపించదు. గంబో అనే పులుసు ఉంది, ఆ పేరే ఆఫ్రికా భాషల్లో బెండకాయను పిలిచే మాట నుంచి వచ్చింది. బానిసలుగా వచ్చినవాళ్లు ఆ మాటను తెచ్చి అక్కడి వంటింట్లో నిలబెట్టారు. చార్ల్‌స్టన్‌లో ష్రింప్ అండ్ గ్రిట్స్ తినండి. మొక్కజొన్న రవ్వ సంకటి మీద రొయ్యల ఇగురు వేసినట్టు ఉంటుంది, మీ అమ్మగారికి నచ్చుతుంది.

అయితే మీ తిండి లైను తప్పు. ఐదుగురికి ప్లేటు 20 డాలర్ల చొప్పున వంద డాలర్లు, డాలరు 85 రూపాయలు, పూటకు 8,500 అని రాశారు. న్యూ ఆర్లీన్స్‌లో బిల్లు మీద పన్ను సుమారు 10 శాతం పడుతుంది. వడ్డించినవాళ్లకు టిప్పు 15 నుంచి 20 శాతం ఇవ్వాలి, వాళ్ల బతుకు దాని మీదే నడుస్తుంది, ఎగ్గొట్టకండి. వంద డాలర్ల భోజనం 130 అయింది. డాలరు 90 వేసుకుంటే 11,700. పూటకు 3,200 తేడా. మీరు రాసిన పన్నెండు బయటి పూటలకు 38 వేలు దాటింది. మీరు కొట్టేసిన ఇన్సూరెన్స్ కంటే ఎక్కువ. ఇలాంటి తేడా హోటల్ పార్కింగ్‌లోనూ వస్తుంది, అద్దె కారు ఇన్సూరెన్స్‌లోనూ వస్తుంది.

ఆరు ఊళ్లు కూడా వద్దు. అట్లాంటా నుంచి న్యూ ఆర్లీన్స్ కారులో దాదాపు 750 కిలోమీటర్లు, ఏడు గంటలు. స్టెంట్ ఉన్న మనిషిని అంతసేపు సీట్లో కూర్చోబెట్టి, మూడో రోజు మళ్లీ ఎక్కించకండి. నాష్‌విల్, మెంఫిస్ ఇంకోసారికి వదిలేయండి. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన లొరెయిన్ మోటెల్ మెంఫిస్‌లో ఉంది, ఇప్పుడు పౌరహక్కుల మ్యూజియం, చూడదగ్గదే. కానీ కింగ్ పుట్టిన ఆబర్న్ అవెన్యూ, ఆయన ప్రసంగాలు చేసిన ఎబెనెజర్ చర్చి అట్లాంటాలోనే ఉన్నాయి, అక్కడి నేషనల్ పార్కులోకి ప్రవేశం ఉచితం. సవానాలో 22 పార్కు చౌరస్తాలు ఉన్నాయి. ఊడల్లా వేలాడే నాచుతో ఓక్ చెట్లు, వాటి కింద బెంచీలు, పైసా ఖర్చు లేదు. న్యూ ఆర్లీన్స్‌లో సెయింట్ చార్ల్స్ ట్రామ్ 1835 నుంచి నడుస్తోంది, టిక్కెట్టు డాలరుంపావు.

డబ్బు దారి ఇలా పెట్టుకోండి. ఇప్పుడు మిగిలే 30 వేలు పక్కన పెడుతూ పోతే ఎనిమిది నెలల్లో ఎఫ్‌డీ 6.75 లక్షలకు చేరుతుంది. ఆ తర్వాత అదే 30 వేలు వేరే ఆర్‌డీలో వేయండి. నాన్నగారి వయసు ఆగదు కాబట్టి ముందు అమ్మానాన్నలనే పంపండి. మీ లెక్కలో ఒక్కో టిక్కెట్టు 1.25 లక్షలు. ఒకటి మీరు కొనండి, ఇంకొకటి అక్కను కొనమనండి. అడగడానికి మొహమాటపడకండి, వాళ్లు ఆమెకూ అమ్మానాన్నలే. మీ వంతు టిక్కెట్టు డబ్బు పోగవడానికి ఇంకో నాలుగైదు నెలలు, మొత్తం మీద ఏడాది పైన పడుతుంది. మార్చి, ఏప్రిల్ అయితే సవానాలో అజేలియా పూలు విరగబూస్తాయి, ఎండ ముదరదు, తుపాన్ల కాలం ఇంకా రాదు. మీ ముగ్గురూ ఆ తర్వాత, అప్పు లేకుండా, ఆర్‌డీ డబ్బుతో వెళ్లండి.

ఈ వారంలో బ్యాంకు యాప్‌లో ఆ లోన్ ఆఫర్‌ని వద్దని నొక్కేయండి. నాన్నగారి డిశ్చార్జ్ సమ్మరీ, యాంజియోగ్రామ్ రిపోర్టు ఫొటోలు తీసి మీ ఫోన్లో, అక్క ఫోన్లో పెట్టండి. మందులు స్ట్రిప్పుల్లోంచి విడదీయకుండా, డాక్టరు చీటీతో సహా చేతి బ్యాగులోనే వెళ్లాలి. నోట్‌బుక్‌లో కొత్త పేజీ తీయండి. మొదటి లైన్లో ఇన్సూరెన్స్ రాసి, టిక్కెట్లు రెండో లైన్లో రాయండి. ఎఫ్‌డీ మాట ఆ పేజీలో ఎక్కడా ఉండకూడదు.