అబ్బాయి ఎడారికి, ఇల్లు తాకట్టుకు

ప్రశ్న: నాకు 63 ఏళ్లు. జూనియర్ కళాశాలలో పనిచేసి రిటైరయ్యాను. పెన్షన్ నెలకు 48 వేలు. హనుమకొండ నయీంనగర్‌లో సొంత ఇల్లు, బ్యాంకులో 9 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉన్నాయి. మా అబ్బాయి అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం టాంపాలో హెచ్-1బి వీసా మీద ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడి ఉక్కపోత, గోడలకు పట్టే బూజు మా కోడలి ఆయాసానికి పడడం లేదు. 2024 అక్టోబరులో మిల్టన్ తుఫాను వచ్చాక వాళ్లకు ఆ ఊరి మీద మనసు విరిగింది. ఇప్పుడు ఆరిజోనాలోని ఫీనిక్స్‌లో వేరే కంపెనీలో ఉద్యోగం దొరికింది. వెళ్లగానే ఇల్లు కొంటానని, డౌన్ పేమెంటుకు 40 లక్షలు సర్దమని అడుగుతున్నాడు. మా ఇంటి మీద, అబ్బాయి కూడా సంతకం పెడితే, పదేళ్లకు 10.5 శాతం వడ్డీతో బ్యాంకు లోను ఇస్తానంటోంది. కిస్తీ అబ్బాయే పంపుతాడు. లోను ఆలస్యమైతే తెలిసిన ఫైనాన్స్ ఆయన నూటికి రెండు రూపాయల వడ్డీకి 20 లక్షలు వెంటనే ఇస్తానన్నాడు. కావాలంటే డిపాజిట్ కూడా తీస్తాను, ప్లాటు అమ్ముతాను, బంగారం కుదువ పెడతాను. నా ఆలోచన సరైనదేనా? కోడలి వీణను కూడా సామానుతో లారీలో పంపవచ్చా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: సరైనది కాదు సార్. మీరు మర్యాదగా అడిగారు కాబట్టి మర్యాదగానే చెబుతున్నాను గానీ, ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నాకు కోపమే వచ్చింది. హనుమకొండ, కరీంనగర్‌ల నుంచి, పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రుల నుంచి ఇదే వరస ఉత్తరాలు నాకు వస్తుంటాయి. ఊళ్ల పేర్లు మారతాయి, తప్పు మాత్రం మారదు. ఊరు మారడం ఒక ఖర్చు, ఇల్లు కొనడం ఇంకో ఖర్చు. ఆ రెండింటినీ ఒకే ముడి వేసి, చేతిలో ఉన్న చివరి డాలరు దాకా ఇంటికి పోసి, చాలనిది నాన్న ఇంటి మీద అప్పుగా తెస్తారు. మీ ఉత్తరాన్ని ఎంచుకున్నది అందుకే.

ఉత్తరంతో పాటు అబ్బాయి లెక్కల కాగితం కూడా పంపారు. మంచి పని చేశారు. అందులో పొదుపు అన్న గడిలో 9,000 డాలర్లు అని ఉంది. దాని పక్కన పెన్నుతో బాణం గీసి ‘ఇంటికి’ అని రాశాడు. నేను ఆ బాణం దగ్గరే ఆగిపోయాను. నెల ఖర్చు 5,200 డాలర్లున్న కుటుంబానికి ఉన్నదే రెండు నెలలకు సరిపోని సొమ్ము. కోడలికి అక్కడ పనిచేసే అనుమతి లేదు, బడికి వెళ్లే పిల్లవాడున్నాడు. ఉన్న ఆ కాస్త సొమ్మునూ ఇంటికే మళ్లిస్తే, ఏరు దాటకముందే తెప్ప తగలేసినట్టు.

హెచ్-1బి మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే దేశంలో ఉండడానికి గరిష్ఠంగా దొరికే గడువు 60 రోజులు. ఆలోపు ఇంకో కంపెనీ దరఖాస్తు వేయాలి, లేదా వేరే వీసాకు మారాలి, లేదా సామాను సర్దుకోవాలి. కొత్త కంపెనీలో అడుగుపెడుతున్న మనిషి అందరికన్నా జూనియర్. మనుషులను తగ్గించాలనుకుంటే కత్తి ముందు ఎవరి మీద పడుతుందో చెప్పలేం. అద్దె ఇంట్లో ఉన్నవాడు ఆ 60 రోజులూ ఉద్యోగం వెతుక్కుంటాడు. నెలల కిందట కొన్న ఇల్లున్నవాడు ఉద్యోగం వెతుక్కుంటూనే ఇల్లు అమ్మకానికీ పెట్టాలి, ఏజెంటు కమిషనూ ఇచ్చుకోవాలి. అందుకే అమెరికాలో వీసా మీద ఉన్నవారికి ఆరు నెలల ఖర్చు విడిగా ఉండాలని నేను పట్టుబడతాను. మీ అబ్బాయి విషయంలో అది 31,200 డాలర్లు. ఆ మొత్తం పోగయ్యేదాకా ఇంటి మాటే ఎత్తవద్దని చెప్పండి. పండక్కి ఫోను చేసినప్పుడు కూడా.

ఇదేదో పరాయి దేశపు సంగతి అనుకోకండి. 2020 ఆగస్టు వానలకు నయీంనగర్ నాలా పొంగిన సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. నాకు తెలిసిన ఒకాయనకు అప్పటికి మూడు ప్లాట్లున్నాయి. తడిసిన మోటారు వైండింగ్‌కు, కొత్త పరుపులకు మాత్రం బావమరిది దగ్గర చేయి చాచాల్సి వచ్చింది. ప్లాటును నీళ్లలోంచి ఎత్తుకెళ్లి దుకాణంలో ఇవ్వలేం కదా.

ఇప్పుడు ఊరు మారే ఖర్చు. టాంపాలో అద్దె 2,100 డాలర్లు, లీజు గడువు ఇంకా ఉందన్నారు. మధ్యలో ఖాళీ చేస్తే ఫ్లోరిడా చట్టం ప్రకారం ఒప్పందంలో రెండు నెలల అద్దె దాకా రుసుము పెట్టుకోవచ్చు. అంటే 4,200. పొదుపులోని 9,000లో మిగిలే 4,800తో ఒక నెల ఖర్చు కూడా గడవదు. దాంట్లోనే లారీ కిరాయి, కొత్త ఊళ్లో అడ్వాన్సు, మూడు వేల కిలోమీటర్లు దాటిన ప్రయాణంలో పెట్రోలు, దారిలో బస. ఊరు మారే ఖర్చుకు కొత్త కంపెనీ ఇస్తానన్న 5,000 డాలర్ల మీద పన్ను పడుతుంది, చేతికి అంత రాదు. పైగా ఏడాదిలోపు మానేస్తే వెనక్కి కట్టాలన్న షరతు ఇలాంటి ఒప్పందాల్లో మామూలు. అది ఉందో లేదో చూసుకోమనండి. ఫ్లోరిడాలో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. ఆరిజోనాలో 2.5 శాతం. అబ్బాయి జీతానికి ఏడాదికి రెండు వేల డాలర్లకు పైమాటే. తుఫాను భయం పోతుంది, నిజమే. కానీ అబ్బాయి కాగితంలో ‘ఆదా’ కింద రాసుకున్న నాలుగు వరుసల్లో ఈ పన్ను ఎక్కడా లేదు.

కరెంటు బిల్లు కూడా లేదు. పొడి ఎండ కాబట్టి ఉక్క ఉండదు, ఏసీ తక్కువ వాడతాం అని అతని లెక్క. రామగుండం మే నెల ఎండ చూసిన మనకు ఆ మాట వింటే నవ్వు రావాలి. మనకు మృగశిర కార్తె వస్తే ఆకాశం కాస్త కరుణిస్తుంది. ఫీనిక్స్‌లో ఆ రోజుల్లోనే అసలు ఎండలు మొదలవుతాయి. 2023లో వరుసగా 31 రోజులు అక్కడ ఉష్ణోగ్రత 110 ఫారెన్‌హీట్‌కు, అంటే మన 43 డిగ్రీలకు, తగ్గలేదు. 2024లో వంద ఫారెన్‌హీట్ దాటిన రోజులు వరుసగా 113. ఏడాది మొత్తానికి కురిసే వాన ఏడు అంగుళాలు. అలాంటి చోట జూలైలో ఏసీ చెడిపోతే అది అసౌకర్యం కాదు, ప్రాణాపాయం. అద్దె ఇంట్లో అయితే బాగుచేయించే బాధ్యత యజమానిది. సొంత ఇంట్లో అయితే వేల డాలర్ల బిల్లు మీ అబ్బాయిది, అప్పుడు ఖాతాలో బాణం గుర్తు తప్ప ఏమీ ఉండదు. కారు బ్యాటరీలు కూడా ఆ వేడికి తొందరగా చచ్చిపోతాయి.

కోడలి ఆయాసం సంగతి. బూజు తగ్గుతుంది, మంచిదే. అయితే అక్కడ వేసవిలో గోడలా లేచి వచ్చే దుమ్ము తుఫానులున్నాయి, మట్టిలోని శిలీంధ్రం ఊపిరితిత్తుల్లోకి చేరి వచ్చే వ్యాలీ ఫీవర్ అనే జబ్బు ఆరిజోనాలో కొత్తేమీ కాదు. ఆ గాలి ఆమెకు పడుతుందో లేదో డాక్టరును అడగాలి, తర్వాత ఒక వేసవి ఉండి చూడాలి. అది తేలకముందే ముప్పై ఏళ్ల లోను మీద సంతకం చేస్తే ఎలా? ఉద్యోగం మారే వారాల్లో ఆరోగ్య బీమా తెగిపోకుండా చూసుకోమనండి. కొత్త కంపెనీ బీమా మొదలవడానికి 90 రోజుల దాకా పట్టవచ్చు. పాత కంపెనీ బీమాను సొంత డబ్బుతో కొనసాగించే కోబ్రా సదుపాయాన్ని ఎంచుకోవడానికి 60 రోజులు ఉంటుంది. ఆ ప్రీమియం బరువుగానే ఉంటుంది, దానికీ నిధి కావాలి.

మీ వైపు లెక్కకు వద్దాం. 40 లక్షలకు పదేళ్లకు 10.5 శాతంతో నెల కిస్తీ దాదాపు 54 వేలు. మీ పెన్షన్ 48 వేలు. ఒక్క నెల అక్కడి నుంచి డబ్బు రాకపోతే పెన్షన్ అంతా కట్టినా ఆరు వేలు తక్కువ, పొయ్యి వెలిగించేది డిపాజిట్ విరిచే. ఆ డిపాజిట్ కూడా ఇచ్చేస్తానంటున్నారు! అది మీ ఇద్దరి అత్యవసర నిధి సార్. రెండు ఇళ్ల నిధులు తీసుకెళ్లి ఒక ఇంటి గుమ్మంలో పోస్తామంటే ఎలా ఒప్పుకోను?

ఇంకో సంగతి మీ బ్యాంకు మేనేజరు చెప్పినట్టు లేదు. విదేశానికి ఇలా పంపే డబ్బు ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటితే, దాటిన భాగం మీద 20 శాతం టీసీఎస్, అంటే పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను, పట్టుకుంటారు. 40 లక్షలు పంపడానికి అదనంగా 6 లక్షలు కావాలి. రిటర్ను వేశాక అది వాపసు వస్తుంది, మీ పెన్షన్‌కు పన్ను కూడా పడదు. కానీ ఆ లోపు నెలల తరబడి అప్పు తెచ్చిన సొమ్ముకు వడ్డీ కడుతూ కూర్చోవాలి.

అన్నిటికన్నా నన్ను భయపెట్టింది ఇది. డౌన్ పేమెంటుకు తండ్రి డబ్బిస్తే అమెరికా బ్యాంకు ఒక ఉత్తరం అడుగుతుంది: ఇది కానుక, తిరిగి చెల్లించనక్కర్లేదు అని మీరూ, అబ్బాయీ రాసివ్వాలి. మీరేమో కిస్తీ అబ్బాయే కడతాడంటున్నారు. అది కానుక కాదు, అప్పు. వీసా మీద ఉన్న కుర్రవాడి చేత బ్యాంకుకు అబద్ధం రాయిస్తారా? జీవితమంతా పిల్లలకు పాఠం చెప్పినవారు మీరు.

ప్లాటు అమ్మడం, బంగారం కుదువ పెట్టడం అనే మీ మిగతా రెండు ఆలోచనలు ప్రస్తుతానికి పక్కన పెట్టండి. చేయవలసింది ఇది. అబ్బాయి కుటుంబం ఫీనిక్స్ వెళ్లి ఏడాది అద్దెకు ఉండాలి. అక్కడ అడ్వాన్సుగా నెలన్నర అద్దెకు మించి అడగకూడదని చట్టం ఉంది, కాబట్టి వెళ్లగానే చేతులు ఖాళీ కావు. జూలై, ఆగస్టు కరెంటు బిల్లులు దాచి ఉంచమనండి, ఇల్లు వెతికేటప్పుడు అవే మంచి కొలత. నెలకు 1,500 డాలర్లు పక్కన పెట్టగలనని అతనే రాశాడు. అలా పెడితే దారి ఖర్చులు పోయాక కూడా రెండేళ్లలో ఆరు నెలల నిధి తయారవుతుంది. సాయం చేయాలన్న తపన మీకుంటే డిపాజిట్ ముట్టుకోకుండా, పెన్షన్‌లో మిగిలేది ఏదైనా ఉంటే అది ఇవ్వండి.

కోడలి వీణను కూడా లారీలో పంపవచ్చా అని చివర్లో అడిగారు. నా శాఖ కాదు, అయినా చెబుతాను. మెట్లు నిలబడేది మైనం మీద. ఎండలో కాగిన లారీలో అది మెత్తబడుతుంది, పొడి గాలికి పనస చెక్క బీటలు వారుతుంది. కారులో, ఏసీలో, కాళ్ల దగ్గర పెట్టుకుని తీసుకెళ్లమనండి.

ఇక రెండు రూపాయల వడ్డీ. 20 లక్షల మీద నెలకు 40 వేలు, అదీ వడ్డీ మాత్రమే, అసలు ఒక్క పైసా తగ్గదు. బ్యాంకు లోను మీ వయసు చూసి చివరి నిమిషంలో వెనక్కిపోతే ఆ 40 వేలు ఎవరు కడతారు? సంతకం చేసిన ఖాళీ చెక్కులు రెండు అడిగాడని, ఇంకా ఇవ్వలేదని రాశారు. ఇవ్వకండి. ఈ రోజే ఫోను చేసి వద్దని చెప్పండి. ప్రామిసరీ నోటు కాగితాలు కొని పెట్టానన్నారు. వాటికి పెట్టిన డబ్బు పోతే పోనివ్వండి.