ఒక్కో సెన్సస్‌లో ఒక్కో వయసు, ఒక్కో దేశం ఉంటే ఒకే మనిషని ఎలా తేల్చుకోవాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండి. మీవారి ముత్తాత 1900 అమెరికా సెన్సస్‌లో యోహాన్, వయసు 28, పుట్టింది జర్మనీ. 1910లో జాన్, 35, రష్యా. 1920లో జాన్, 44, పోలాండ్. వీళ్ళు ఒకరేనా, ఒకరే అయితే ఏది నమ్మాలి అని అడిగారు. నాకైతే ఒకే మనిషి అనిపిస్తోంది. భార్య పేరు, పెద్దపిల్లలిద్దరి పేర్లు మూడు చోట్లా ఒకటేనని మీరే రాశారు కదా, వయసు కంటే ఊరు కంటే అది గట్టి ఆధారం.

ఇంత నమ్మకంగా ఎందుకు చెప్తున్నానంటే నేను ఆ కాగితాలు నింపే వైపు ఉన్నదాన్ని. పశ్చిమ గోదావరి జిల్లాలో టీచర్‌గా చేశాను, 1991లో, 2001లో జనాభా లెక్కల డ్యూటీ పడింది. అరుగు మీద కూర్చుని మీ వయసెంతమ్మా అంటే ఎంతుంటుందంటావ్ నువ్వే రాసుకో అనేవాళ్ళు, నలభయ్యా అంటే ఆ నలభై వేసుకో అనేవాళ్ళు. 38, 43 అని చెప్పేవాళ్ళు తక్కువ, అన్నీ 40, 45, 50, 60. కొంచెం ఓపిగ్గా అడిగితే పుష్కరాలప్పటికి మా పెద్దోడు కడుపులో ఉన్నాడు అని లెక్క చెప్పేవాళ్ళు, అయితే అది 1979 పుష్కరాలా 1967 పుష్కరాలా అన్నది ఇంకో ప్రశ్న అడిగితే గానీ తేలదు, తేల్చకుండా రాసేస్తే పన్నెండేళ్ళు అటో ఇటో అయిపోతుంది. ఇంక మొగుడి పేరు చెప్పమంటే పెద్దావిడలు నోరు విప్పేవాళ్ళు కాదు, మనవణ్ణి పిలిచి ఒరే మీ తాత పేరు చెప్పరా అనేవాళ్ళు, వాడికేమో ఇంట్లో పిలిచే పేరే తెలుసు. ఇల్లు తాళం వేసుంటే పక్కింటివాళ్ళు చెప్పిందే గతి అని రాసుకున్నవాళ్ళు నాకు తెలుసు. అమెరికాలో 1910లో తలుపు కొట్టినాయనకీ ఇదే పరిస్థితి, పైగా ఇంట్లోవాళ్ళ భాష కూడా ఆయనకి రాకపోవచ్చు. అందుకని ఆ కాగితం చూసినప్పుడల్లా నేను ముందు అడిగేది ఈ సమాధానం చెప్పింది ఎవరు, ఏ రోజున, వాళ్ళని అడిగిన ప్రశ్న ఏంటి అని.

ఏ రోజున అన్నది మీ కేసులో చాలా ముఖ్యం. 1910కి 35, 1920కి 44, పదేళ్ళకి తొమ్మిదే పెరిగాయి తప్పు కదా అని మీరు రాశారు, అది తప్పు కాకపోవచ్చు. సెన్సస్ వాళ్ళు తలుపు కొట్టిన రోజు ఏదైనా, వయసు మాత్రం ఒక ఖాయమైన తేదీకి లెక్కకట్టి రాయాలి. 1900లో ఆ తేదీ జూన్ 1, 1910లో ఏప్రిల్ 15, 1920లో జనవరి 1. అంటే 1910కీ 1920కీ మధ్య నిండా పదేళ్ళు లేవు, జనవరి నుంచి ఏప్రిల్ సగం లోపు పుట్టినవాళ్ళకి సరిగ్గా తొమ్మిదే పెరుగుతుంది. 1900 సెన్సస్‌లో వయసు పక్కనే పుట్టిన నెల, సంవత్సరం కూడా రాశారు, ఆ రెండు గడులూ చూడండి. ఫిబ్రవరో మార్చో ఉంటే 1910, 1920 రెండూ ఒకే మాట చెప్తున్నట్టు, 1875లో పుట్టాడని. అప్పుడు విడిగా నిలబడేది 1900 లెక్క ఒక్కటే, అది 1872 అంటోంది. మరి 1900లో వాళ్ళు సొంతింట్లో ఉన్నారా, ఎవరింట్లోనైనా అద్దెకున్నారా? పైన కుటుంబ పెద్దగా వేరేవాళ్ళ పేరుండి వీళ్ళని బోర్డర్లు, అంటే డబ్బిచ్చి ఆ ఇంట్లో ఉండి తినేవాళ్ళు, అని రాసుంటే, ఆ ఇంటి యజమానురాలు తనకి తోచింది చెప్పి ఉండొచ్చు. 1940 సెన్సస్‌లో అయితే జవాబు చెప్పినవాళ్ళ పేరు పక్కన సున్నాలో ఇంటూ గుర్తు పెట్టారు, ఆయన అప్పటికి బతికుంటే అది తప్పక చూడండి. మిగతా సంవత్సరాలకి ఆ సదుపాయం లేదు, ఊహించుకోవాల్సిందే.

ఇక దేశాలు. జర్మనీ, రష్యా, పోలాండ్ మూడూ ఒకే ఊరికి సరిపోవచ్చు. 1795 తర్వాత పోలాండ్ అనే దేశమే మ్యాపులో లేదు, ప్రష్యా, రష్యా, ఆస్ట్రియా పంచేసుకున్నాయి, మళ్ళీ 1918లో దేశమైంది. రష్యా పాలనలో ఉన్న పోలాండ్ ఊళ్ళో జర్మన్ మాట్లాడే కుటుంబంలో పుట్టినాయన అయితే 1900లో ఎవరో భాష చూసి జర్మనీ అని రాసి ఉంటారు, 1910లో ఏ రాజు కింద పుట్టావంటే రష్యా అయింది, 1920కల్లా ఆ ఊరు పోలాండ్‌లో ఉంది. ఆ ఊరు ఎక్కడికీ కదల్లేదు, సరిహద్దులే కదిలాయి. మనకి ఇదేం కొత్త కాదు. మా మేనమామ భద్రాచలంలో పుట్టారు, అప్పట్లో అది మద్రాసు ప్రెసిడెన్సీలో తూర్పు గోదావరి జిల్లా, 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్, 1959లో ఖమ్మం జిల్లాలో కలిపారు, 2014లో తెలంగాణ, 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. ఆయన సర్టిఫికెట్లు పక్కపక్కన పెడితే ముగ్గురు మనుషులవి అనుకుంటారు తెలియనివాళ్ళు. మీ 1910 కాగితంలో ఇంకో సాయం ఉంది, ఆ ఏడాది విదేశాల్లో పుట్టినవాళ్ళకి మాతృభాష కూడా అడిగి పుట్టిన దేశం గడిలోనే పక్కన ఇరికించి రాశారు. పొట్టి అక్షరాల్లో ఉంటుంది, పెద్దది చేసి చూడండి, జర్మనా పోలిషా యూదులు మాట్లాడే ఇడ్డిషా అన్నది తేలితే సగం చిక్కు విడిపోతుంది. 1920లో కూడా జర్మనీ, రష్యా, ఆస్ట్రియా-హంగరీ అని చెప్పినవాళ్ళని ఏ రాష్ట్రం, ఏ పట్నం అని అడగమన్నారు, అందుకని కొంతమందికి ఊరి పేరే దొరుకుతుంది.

మా కోడలు అమెరికా అమ్మాయి, వాళ్ళ అమ్మగారి వైపు ఐర్లాండ్ మూలం, మనవలకి చూపించాలని నేనూ మా వియ్యపురాలూ కూర్చుని మా వియ్యపురాలి నాయనమ్మ కాగితాలు వెతికాం. ఆ నాయనమ్మ పేరు ఐర్లాండ్‌లో బ్రిడ్జెట్, అమెరికాలో పనిచేసిన ఇంట్లో డీలియా. ఇవి వేరే వేరే పేర్లనుకుని చాలామంది అక్కడే ఆగిపోతారు, నిజానికి డీలియా అనేది బ్రిడ్జెట్‌కి వాళ్ళలో మామూలుగా వాడే ముద్దుపేరు. అక్కడినుంచి ఆవిడ కన్నవాళ్ళ కోసం మేయో జిల్లాలో 1901, 1911 ఐర్లాండ్ సెన్సస్ చూశాం, ఆ రెండూ ఐర్లాండ్ నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళు ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టారు. 1901లో తల్లి వయసు 56. 1911లో 72! పదేళ్ళలో పదహారేళ్ళు పెరిగింది. తండ్రికీ అంతే. మా వియ్యపురాలు ఇది వేరే కుటుంబం అని పేజీ మూసేయబోయారు. నేను పట్టుకుని ఆపాను, ఎందుకంటే మధ్యలో 1908 వృద్ధాప్య పెన్షన్ చట్టం ఉంది. 70 నిండితే వారానికి ఐదు షిల్లింగుల దాకా, 1909 జనవరి నుంచి ఇచ్చారు. ఐర్లాండ్‌లో జననాల రిజిస్ట్రేషన్ అందరికీ మొదలైంది 1864లోనే, అంటే అప్పటి ముసలివాళ్ళెవరికీ బర్త్ సర్టిఫికెట్ లేదు. 1839 జనవరిలో వచ్చిన పెద్ద గాలివాన నాకు గుర్తుంది అని చెప్పుకుని వయసు నిరూపించుకున్నవాళ్ళున్నారు, మన దగ్గర దివిసీమ ఉప్పెన నాటికి నేనింత అన్నట్టు. వాళ్ళు అబద్ధాలాడారని నేను అనుకోను, తమ వయసెంతో ఎన్నడూ లెక్కపెట్టుకోని మనిషికి లెక్క అవసరమైన రోజు వచ్చింది, కడుపు నిండే వైపు లెక్క తేలింది, ఏ పేద ఇంట్లోనైనా అలాగే తేలుతుంది.

మరి ఆ కుటుంబం వాళ్ళదేనని ఎలా ఖాయం చేసుకున్నామంటే, 1911 ఫారంలో పెళ్ళై ఎన్నేళ్ళయింది, ఎంతమందిని కన్నారు, ఎంతమంది బతికున్నారు అని అడిగారు. తొమ్మిది మంది, ఆరుగురు అని ఉంది. అమెరికాలో స్థిరపడిన పిల్లల్నీ, ఊళ్ళో ఉండిపోయినవాళ్ళనీ, మా వియ్యపురాలికి చిన్నప్పుడు విన్న పేర్లనీ కలిపి లెక్కపెడితే ఆరుగురే. పోయిన ముగ్గురిలో ఇద్దరి మరణాల రికార్డు కూడా దొరికింది, ఒక బిడ్డ పుట్టిన నెలకే. తన వయసు ఆరేళ్ళు అటూ ఇటూ అయిన తల్లికి కన్న బిడ్డల లెక్క మాత్రం ఒక్కటి కూడా తప్పలేదు. ఆ పేజీ ముందు మేమిద్దరం చాలాసేపు కూర్చుండిపోయాం. మీ 1900, 1910 కాగితాల్లో కూడా మీవారి ముత్తవ్వ పేరు ఎదురుగా ఇవే గడులున్నాయి, పెళ్ళై ఎన్నేళ్ళు, పిల్లలెందరు, బతికిందెందరు. ఆ అంకెలు రెండింట్లోనూ కలిస్తే వయసు సంగతి పక్కన పెట్టేయొచ్చు.

పేరు గురించి ఎక్కువ కంగారు పడకండి. యోహాన్, యాన్, ఇవాన్, జాన్ అన్నీ ఒకటే పేరు. వలస వచ్చినవాళ్ళని ఓడ దిగాక తనిఖీ చేసిన న్యూయార్క్ రేవు ఎల్లిస్ ఐలాండ్‌లో ఆఫీసర్లు పేరు మార్చేశారు అని ప్రతి ఇంట్లోనూ ఒక కథ ఉంటుంది, అక్కడి గుమస్తాలు ఓడ ఎక్కిన రేవులో తయారైన జాబితా చూసి పిలిచేవాళ్ళు అంతే, పేర్లు జనమే తర్వాత బళ్ళోనో ఫ్యాక్టరీలోనో మార్చుకున్నారు. ఇంకోటి, వెబ్‌సైట్‌లో టైప్ చేసి కనబడే పేరు ఎవరో ఈ కాలంవాళ్ళు ఆ పాత చేతిరాత చదివి కొట్టింది. దాన్ని నమ్మి ఆగిపోకుండా అసలు పేజీ ఫొటో తెరవండి, పైన కిందా ఉన్న ఇళ్ళు కూడా చదవండి, అన్నదమ్ములు పక్కింట్లోనే ఉండడం చాలా మామూలు.

మన వైపు తాతల సంగతి కూడా ఇలా వెతకొచ్చా అని చివర్లో అడిగారు. జనాభా లెక్కల కాగితాలైతే దొరకవు, 1948 సెన్సస్ చట్టం ప్రకారం ఒక్కో ఇంటి వివరాలు ఎవరికీ చూపించరు, బయటికొచ్చేవి మొత్తం లెక్కల పట్టికలే. బడి రిజిస్టర్లు, భూమి కాగితాలు, పెళ్ళి శుభలేఖల మీద ఆధారపడాలి. బడి రిజిస్టర్‌లో పుట్టినరోజు జూన్ 1, జులై 1 అని ఉంటే మాత్రం అది మాలాంటి టీచర్లు బళ్ళో చేర్చుకోడానికి వేసిన తేదీ అనుకోండి, పుట్టిన ఏడాది కూడా పక్కా కాదు.

మీరు ఇప్పుడు చేయాల్సింది, ఫ్యామిలీ ట్రీలో ఒక్క తేదీ ఖాయం చేసేయకుండా మూడు వయసులూ మూడు దేశాలూ ఏ ఏడాదివో రాసి అలాగే ఉంచండి. తర్వాత రెండు కాగితాలు వెతకండి. ఒకటి 1918 సెప్టెంబర్ 12న పద్దెనిమిది నుంచి నలభై అయిదేళ్ళ మగవాళ్ళలో అంతకుముందు నమోదు కానివాళ్ళందరూ నింపిన డ్రాఫ్ట్ కార్డు, అంటే మొదటి ప్రపంచ యుద్ధానికి సైన్యంలోకి పిలవడం కోసం పెట్టిన నమోదు కార్డు, అందులో పుట్టిన తేదీ ఆయనే చెప్పుకుంటాడు, కింద సంతకమో, సంతకం రాకపోతే ఒక గుర్తో ఉంటుంది. 1872 ఫిబ్రవరిలో పుట్టి ఉంటే అప్పటికే 46, కార్డే ఉండదు. యుద్ధం రోజుల్లో 46 అని చెప్పి తప్పుకునే వీలున్న మనిషి 43 అని రాయించుకున్నాడంటే నేనైతే 1875నే నమ్ముతాను. రెండోది సిటిజన్‌షిప్ అర్జీ. 1906 సెప్టెంబర్ తర్వాత పెట్టుకున్నదైతే పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, ఎక్కిన ఓడ అన్నీ అడిగారు. 1920 సెన్సస్‌లో పౌరసత్వం గడిలో ఏ అక్షరాలున్నాయో చూడండి, ఎన్‌ఏ అని ఉంటే పౌరుడైపోయాడు, పీఏ అంటే పౌరుణ్ణవుతానని మొదటి కాగితాలు పెట్టుకున్నాడు, ఏఎల్ అంటే ఇంకా పెట్టుకోలేదు. ఎన్‌ఏ ఉంటే పక్కనే ఏ సంవత్సరమో కూడా ఉంటుంది, ఆ సంవత్సరం, 1900లో ఉన్న పుట్టిన నెల, 1910లో ఉన్న మాతృభాష ఈ మూడూ ఇక్కడ పెట్టండి, తర్వాత ఏ కోర్టు రికార్డుల్లో వెతకాలో కలిసి చూద్దాం.