సర్వరు కొనే ముందు ఆ స్క్రీను సంగతి చూడండి

ప్రశ్న: ఆదోనిలో మాది పత్తి కమీషన్ దుకాణం. తూకాలు, రైతుల పట్టీలు, హమాలీ లెక్కలు అన్నీ కంప్యూటర్లోనే. విండోస్ సర్వరులో మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ ఉంది, దానికి ఎనిమిది కంప్యూటర్లు కలిపాం. నాలుగు కోర్ల ప్రాసెసరు, 16 జీబీ ర్యామ్. పోయిన సీజన్లో బాగానే నడిచింది. ఈసారి తూకాలు మొదలయ్యే వేళకు సీపీయూ వంద శాతానికి పోతోంది. పట్టీ ప్రింటు ఎంతకీ రాదు, రైతులు కేకలేస్తున్నారు, రోజూ టెన్షనే. ‘ఈరోజు తూకాలు’ స్క్రీను అందరి దగ్గరా తెరిచే ఉంటుంది, రెండు సెకన్లకోసారి దానంతటదే మారుతుంది. రీస్టార్ట్ చేస్తే కాసేపు బాగుంటుంది. వైరస్ అని ఒకరు, కొత్త సర్వరు కొనాలని సాఫ్ట్‌వేర్ వాళ్లు అంటున్నారు. ఎక్కువసేపు పట్టే క్వెరీలను (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలను) రాసిపెట్టే స్లో క్వెరీ లాగ్ చూశారట, ఖాళీగా ఉందట. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: వైరస్ మాట ముందు తేల్చేద్దాం. సీపీయూ నిండినప్పుడు టాస్క్ మేనేజర్ తెరిచి, ఎవరు తింటున్నారో చూడండి. యాంటీవైరస్ పైన కనిపిస్తే, మైఎస్‌క్యూఎల్ డేటా ఫోల్డరును అది ఊరికే తడమకుండా మినహాయింపు పెట్టించండి. మైఎస్‌క్యూఎల్ పేరే పైన ఉంటే వైరస్ గొడవ వదిలేయండి. మీది ఈ రెండోదే అని నా అనుమానం.

నా అనుమానమంతా ఆ ‘ఈరోజు తూకాలు’ మీదే. కర్నూలు ఉల్లి మండీల్లోనూ ఇలాంటి స్క్రీన్లు చూశాను. ఎవరూ వాటిని చూడరు, అయినా అందరి దగ్గరా తెరిచే ఉంటాయి. ఎనిమిది కంప్యూటర్లు రెండు సెకన్లకోసారి అడిగితే సర్వరుకు సెకనుకు నాలుగు క్వెరీలు వస్తాయి. మైఎస్‌క్యూఎల్‌లో ఒక క్వెరీ మామూలుగా ఒక కోరునే వాడుకుంటుంది. ఒక్కోదానికి ఒక సెకను పట్టిందంటే నాలుగు కోర్లూ నిండినట్టే. మధ్యలో మీ పట్టీ ప్రింటుకు చోటెక్కడిది? పోయినేడు డేటా తక్కువ కాబట్టి అదే క్వెరీ చిటికెలో అయిపోయి ఉంటుంది. రీస్టార్టుతో ఉపశమనం కూడా ఇందుకే: క్యూ అంతా పోతుంది, మనవాళ్లు మళ్లీ ఒక్కొక్కరుగా స్క్రీను తెరిచేదాకా హాయి.

మరి స్లో లాగ్ ఎందుకు ఖాళీగా ఉంది? మామూలు సెట్టింగులో 10 సెకన్లు దాటిన క్వెరీలే అందులో పడతాయి. సెకను పట్టేది దానికి కనపడదు. ఆ హద్దును అర సెకనుకు దించమనండి. కొత్తగా కలిసే కనెక్షన్లకే అది వర్తిస్తుంది కాబట్టి దించాక కంప్యూటర్లలో సాఫ్ట్‌వేర్ మూసి తెరవాలి. అంతకన్నా సులువు, రద్దీ వేళ మైఎస్‌క్యూఎల్‌లో ‘షో ఫుల్ ప్రాసెస్‌లిస్ట్’ అనే ఆదేశం కొట్టి చూడటం. ఆ క్షణాన ఏ క్వెరీలు నడుస్తున్నాయో పూర్తిగా కనిపిస్తుంది. నాలుగైదుసార్లు కొట్టండి, ఒకే క్వెరీ మళ్లీ మళ్లీ ప్రత్యక్షమైతే దొంగ దొరికినట్టే.

ఇక ఆ క్వెరీ ముందు ‘ఎక్స్‌ప్లెయిన్’ చేర్చి నడపండి, అది డేటాను ఎలా వెతుకుతోందో చూపిస్తుంది. టైప్ దగ్గర ‘ఆల్’ అని, కీ దగ్గర ‘నల్’ అని, రోస్ (వరుసలు) దగ్గర లక్షల్లో సంఖ్య వస్తే అది ఇండెక్స్ (పుస్తకం చివరి సూచికలా కావాల్సిన వరుసలను చప్పున చూపేది) వాడటం లేదు. ఒక్క రైతు పట్టీ కోసం మూడేళ్ల కట్టలన్నీ విప్పుతున్నట్టు లెక్క. తూకం తేదీ మీద ఇండెక్సే లేకపోవచ్చు. ఉన్నా పనికిరాకుండా రాసి ఉండొచ్చు, నాకు ఎక్కువగా తగిలేది ఇదే. తేదీ, సమయం కలిసి ఉన్న కాలమ్‌ను ‘డేట్’ ఫంక్షన్లో చుట్టి ఈరోజుతో పోలుస్తారు. అలా చుడితే ఆ కాలమ్ మీది ఇండెక్స్ పనిచేయదు. ఈరోజు అర్ధరాత్రి నుంచి, రేపటి అర్ధరాత్రికి ముందు వరకు అని హద్దులిచ్చి రాయించండి. లాట్ నంబరు వెతికే చోట కూడా ఒక కన్నేయండి. ఆ కాలమ్ అక్షరాల రకమై ఉండి, క్వెరీలో నంబరును కోట్స్ లేకుండా ఇస్తే అక్కడా ఇండెక్స్ వృథానే.

ఈ రోజుకు గండం గడవాలంటే ఆ స్క్రీనును ఒక్క కాటా దగ్గరే ఉంచి మిగతా ఏడు చోట్లా మూసేయించండి. సీపీయూ దిగితే నా అనుమానం నిజమే. కొత్త ఇండెక్స్ మాత్రం పగలు వేయించకండి. దుకాణం కట్టేశాక, బ్యాకప్ తీసుకుని వేయమనండి. అడిగిన కాలమ్‌కల్లా ఇండెక్స్ వద్దు, ప్రతి తూకం ఎంట్రీకీ వాటన్నిటినీ రాసుకోవాల్సి వస్తుంది.

కొత్త సర్వరు ఇప్పుడే వద్దు. ఎనిమిది కోర్లది తెచ్చినా ఆ క్వెరీ సెకను సెకనే. వచ్చే సీజనుకు డేటా పెరిగి అదీ నిండుతుంది. ‘ఇండెక్స్ ఉంది సార్’ అని సాఫ్ట్‌వేర్ వాళ్లు అంటే వాదన పెట్టుకోకండి. ఎక్స్‌ప్లెయిన్ ఫలితాన్ని ఫోటో తీసి పంపి, కీ దగ్గర నల్ ఎందుకుందని అడగండి.