అడవిగాచిన వెన్నెల: మెచ్చుకోలా, తిట్టా?

సందేహం: మా ఫిల్మ్ క్లబ్బులో ఈమధ్య తక్కువ ఖర్చుతో తీసిన ఒక సైన్స్ ఫిక్షన్ మిస్టరీ వేశాం. కథంతా అడవిలోనే, రెండు రాత్రుల్లో నడుస్తుంది. ఆట అయ్యాక చూసినవాళ్లచేత చీటీలమీద అభిప్రాయాలు రాయించాం. ఒకరు ‘కెమెరా పనితనం అడవిగాచిన వెన్నెలలా ఉంది’ అని రాశారు. మాట అందంగా ఉందని పోస్టరు మీద వేయబోతే మా కార్యదర్శి ‘అది తిట్టండీ బాబూ’ అని ఆపేశారు. ఎవరిది ఒప్పు? మిగతా చీటీల్లో ‘విశాఖ అడవుల్లో తీశారట’, ‘చివర్లో హీరో మిస్టరీని వీడాడు’, ‘చేధించాడు’, ‘మంచి విజ్ఞానిక కల్పన’, ‘ఏటీ అర్ధం కానేదు గానీ బాగుంది’ అనీ ఉన్నాయి. వీటిని అచ్చువేసే ముందు దిద్దాలా?
– ఒక పాఠకుడు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

సమాధానం: కార్యదర్శిగారిదే ఒప్పు. కాకపోతే ఆ తిట్టు కెమెరామన్‌కి తగలదు.

ఊళ్లో కాసినా అడవిలో కాసినా వెన్నెల వెన్నెలే. అడవిలో దాన్ని చూసి ఆనందించే మనిషి లేడు, అంతే తేడా. కాబట్టి ఈ పలుకుబడిలో బరువు వెన్నెల అందం మీద కాదు, అది ఎవరికీ అక్కరకు రాకుండా పోవడం మీద ఉంటుంది. పాండిత్యం, రూపం, వయసు, ప్రతిభ వృథా అయినప్పుడు మనవాళ్లు ఈ మాట అంటారు. సంస్కృతంలో దీనికి జోడీ ‘అరణ్యచంద్రిక’. కుమారసంభవం ఏడో సర్గలో పార్వతి పెళ్లి అలంకరణ దగ్గర కాళిదాసు, ఆడవారి అలంకరణకు ఫలం ప్రియుడు చూడటమే అంటాడు. దానికి వ్యాఖ్య రాస్తూ మల్లినాథుడు, అలా కాకపోతే అది అరణ్యచంద్రికే అవుతుందని విప్పి చెప్పాడు. చూసే కన్ను లేని అందం అని దాని భావం. మల్లినాథుడు కోలాచలం ఇంటిపేరున్న మన తెలుగువాడే.

మరి చీటీ రాసినవారు ఎందుకు పొరబడ్డారు? సినిమా అడవిలో జరగడం వల్ల. తెర మీద నిజంగానే అడవి ఉంది, నిజంగానే వెన్నెల ఉంది. పలుకుబడి కాస్తా కళ్లముందు దృశ్యమైపోయింది, లోపలి అర్థం జారిపోయింది. ఇలాంటి కథల గురించి రాసేటప్పుడు ‘అరణ్యరోదనం’తోనూ ఇదే ఇబ్బంది. పాత్ర చెట్ల మధ్య నిలబడి ఏడ్చినంత మాత్రాన అది అరణ్యరోదనం కాదు. ఆ మొర ఆలకించేవాడు లేనప్పుడే ఆ మాటకు చోటు.

మెచ్చుకోవాలంటే ‘అడవిలో వెన్నెల కాసినట్టుంది’ అంటే చాలు, సమాసం విడిపోయి దృశ్యం మిగులుతుంది. సినిమా బాగున్నా చూసే దిక్కు లేకపోయిందని చెప్పాలంటే ‘కెమెరా పనితనం అడవిగాచిన వెన్నెల అయిపోయింది’ అనాలి. ‘అయింది’, ‘అయిపోయింది’ అన్న క్రియలు ఈ పలుకుబడికి సహజం. ‘లా ఉంది’ అనగానే అది పోలికగా మారి, చదివేవాడి చూపు అందం మీదికి పోతుంది. మీ ఆటకు జనం బొత్తిగా పలచగా వచ్చి ఉంటే, ఆ చీటీ రాసినాయన తెలిసే రాశాడేమో కూడా ఆలోచించండి!

రాత విషయం ఒకటుంది. ‘అడవిన్ + కాచిన’ అన్నప్పుడు ద్రుతం (చివరి ‘న్’) పక్కనున్న పరుషం ‘క’ సరళం ‘గ’గా మారి ‘అడవిఁ గాచిన’ అవుతుంది. అరసున్న రాయడం మానేశాం గానీ ‘గ’ నిలిచింది. నేటి వాడుకలో వెన్నెల ‘కాసింది’ అంటాం, పలుకుబడి మాత్రం ‘కాచిన’ అన్న పాత రూపాన్నే పట్టుకుంది. దాన్ని సవరించబోయి ‘అడవి కాచిన వెన్నెల’ అని విడదీస్తే, వెన్నెల అడవికి కాపలా కాసిందన్న అర్థం వచ్చే ప్రమాదముంది. కలిపి, ‘గ’తో రాయండి.

‘విశాఖ అడవుల్లో’ అన్నదీ ఒకసారి చూడండి. ఒకే చోట తీస్తే ‘అడవిలో’. ‘అడవుల పాలయ్యాడు’ లాంటి చోట్ల బహువచనం చోటును కాదు, దుర్దశను చెబుతుంది. అసలు అక్కడ కనిపించింది అడవేనా అన్నదీ చూడాలి. కంబాలకొండ మీద తీస్తే అడవి అనవచ్చు. భీమిలి దారిలో వరసలుగా నాటిన సరుగుడు చెట్ల మధ్య తీస్తే అది సరుగుడు తోటే, పొగ వేసి నీలం లైటు కొట్టినంత మాత్రాన అడవి అయిపోదు. చిన్న అడవికి ‘చిట్టడవి’ అన్న చక్కని మాట ఉంది: చిఱు + అడవి. అడవి నడుమకు ‘నట్టడవి’: నడు + అడవి. కుఱు, చిఱు, కడు, నడు, నిడు శబ్దాల్లోని ఱ, డ ల తర్వాత అచ్చు వస్తే వాటి చోట జంట టకారం (ట్ట) వస్తుందని చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) చెప్పిన సూత్రమే రెండింటికీ. నట్టిల్లు, నిట్టూర్పు ఆ బాపతే. దారి తప్పిన పాత్రల కథ కదా, ‘నట్టడవి’ మీ పోస్టరుకు బాగా అతుకుతుంది.

‘మిస్టరీని వీడాడు’ మాత్రం తప్పకుండా దిద్దండి. ‘వీడు’ అన్న క్రియకు కర్మ లేనప్పుడు విడిపోవడం: ముడి వీడింది, మిస్టరీ వీడింది. కర్మ చేరితే వదిలి వెళ్లడం: ఊరిని వీడాడు, పార్టీని వీడాడు. కాబట్టి మీ హీరో మిస్టరీని అక్కడే వదిలేసి ఇంటికి పోయాడని అర్థం వస్తోంది (ముగింపు అలాగే ఉంటే వాక్యం ఒప్పే!). ‘మిస్టరీని విప్పాడు’, ‘ఛేదించాడు’ సరైనవి. ‘ఛేదించు’లో ఒత్తు మొదటి అక్షరానికే, రెండోది ఒత్తులేని ‘ద’. సాధించు, శోధించు నోట్లో ఆడుతుండటం వల్ల ఒత్తు చోటు మారి ‘చేధించు’ పుడుతోంది.

‘విజ్ఞానం’ మీద ‘ఇక’ ప్రత్యయం చేరితే ఆది అచ్చుకు వృద్ధి వచ్చి (‘వి’ కాస్తా ‘వై’ అయి) ‘వైజ్ఞానిక’ అవుతుంది. ‘విజ్ఞానిక’ లేదు. మాటల్లో సైన్స్ ఫిక్షన్ అంటే తప్పేం లేదు, అందరికీ తెలిసిన మాటే.

చివరి చీటీ అన్నిటికన్నా నిజాయితీగా ఉంది. ‘ఏటీ’, ‘కానేదు’ ఉత్తరాంధ్ర నోటిమాటలు. వాటిని ‘ఏమీ’, ‘కాలేదు’ అని మారిస్తే అది ఆ ప్రేక్షకుడి అభిప్రాయం కాకుండా మీ అభిప్రాయం అవుతుంది. ‘అర్ధం’ సంగతి వేరు. ధ రాస్తే సగం, థ రాస్తే భావం. అది యాస కాదు, రాతలో పొరపాటు. కనుక అర్ధాన్ని అర్థంగా దిద్ది, కానేదును కానేదుగానే అచ్చువేయండి.