పుదుచ్చేరి హాస్టళ్లు: పడక ధర కంటే ముందు అడగాల్సినవి

ప్రశ్న: నేనూ నా స్నేహితురాలూ మూడు రాత్రులు పుదుచ్చేరిలో ఉండాలనుకుంటున్నాం. గదికి బదులు పడకను అద్దెకిచ్చే హాస్టల్లో దిగడం ఇద్దరికీ ఇదే మొదటిసారి. ఆన్‌లైన్‌లో చూస్తే అన్నిటికీ మంచి రేటింగే, ధరలూ దగ్గర దగ్గరే. దేన్ని బట్టి ఎంచుకోవాలి?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ముందు ఊళ్లో ఏ వైపు ఉండాలో తేల్చుకోండి. సముద్రం పక్కన ఫ్రెంచివాళ్ల కాలంనాటి వైట్ టౌన్ ఉంది. కాలువ దాటితే మిషన్ వీధి, నెహ్రూ వీధి, ఎంజీ రోడ్డు ఉన్న తమిళవాడ. ఉత్తరాన కొన్ని కిలోమీటర్లు వెళ్తే సెరెనిటీ బీచ్, ఇంకాస్త పైకి వెళ్తే ఆరోవిల్. 'బీచ్‌కు దగ్గర' అన్న మాట చూసి చాలామంది పొరబడేది ఇక్కడే. వైట్ టౌన్ ముందున్నది బండరాళ్లు పేర్చిన గట్టు. సాయంత్రం వాహనాలు ఆపేస్తారు కాబట్టి నడకకు ఎంతో హాయిగా ఉంటుంది, కానీ అది స్నానాల తీరం కాదు. ఇసుక కావాలంటే సెరెనిటీ వైపు వెళ్లొచ్చు. అక్కడ దిగితే రాత్రి భోజనం చేసి ఊళ్లోంచి తిరిగి రావడానికి స్కూటరైనా ఉండాలి, బేరమాడిన ఆటో అయినా ఎక్కాలి. స్కూటర్ నడపని మొదటిసారి ప్రయాణికులకు మిషన్ వీధి చుట్టుపక్కలే నయం. గట్టు మీదికి పది, పదిహేను నిమిషాల్లో నడిచి వెళ్లొచ్చు, టిఫిన్ చవక, రాత్రి వీధిలో మనుషులు ఉంటారు.

తర్వాత హాస్టల్‌కు ఫోన్ చేసి, ఒక్కో బాత్రూముకు ఎన్ని పడకలో అడగండి. ఆరు దాకా ఫరవాలేదు, ఎనిమిదంటే పొద్దున వరస కట్టాలి. వైట్ టౌన్ పాత ఇళ్లలో ఈ బాధ ఎక్కువ. ఒక కుటుంబం కోసం కట్టిన ఇల్లు కాబట్టి గదులు పెద్దవిగా, పైకప్పు ఎత్తుగా ఉంటాయి. పడకలు ఎన్నయినా వేయొచ్చు, బాత్రూములు మాత్రం పెరగవు. ఆ ఎత్తు గదుల్లో చిన్న ఏసీ చల్లదనం కింది పడకకు బాగానే చేరుతుంది, పై పడకలో మాత్రం ఉక్కపోత. అందుకే ఏసీ ఏ గంట నుంచి ఏ గంట దాకా వేస్తారో కూడా అడగండి. చాలాచోట్ల రాత్రిపూట మాత్రమే వేస్తారు.

మహిళల డార్మ్ (ఆడవాళ్లకు మాత్రమే ఇచ్చే ఉమ్మడి గది) అని రాసి ఉంటే ఆ గదికి లోపలే బాత్రూము ఉందా, నడవాలో అందరితో కలిపి వాడే బాత్రూమా అన్నది విడిగా అడగాలి. రాత్రి రెండు గంటలకు వచ్చినా కౌంటర్‌లో మనిషి ఉంటారో లేదో తెలుసుకోండి.

తాళం మీరే తీసుకెళ్లండి. మంచం కింది ఇనుప లాకర్ గడియ రంధ్రం చిన్నది, ఇంటి తలుపు తాళంకప్ప కడ్డీ అందులో దూరదు. 5 మి.మీ. మందం కడ్డీ ఉన్న ఇత్తడి తాళం సరిపోతుంది. ఉప్పు గాలికి ఇనుము తొందరగా తుప్పు పట్టేస్తుంది, ఇత్తడికి ఆ బెడద తక్కువ. చక్రాల పెద్ద పెట్టె చాలా లాకర్లలో పట్టదు కాబట్టి డబ్బు, కార్డులు, ఫోన్ పట్టే చిన్న సంచి వేరుగా ఉంచుకోండి.

గదిలోకి వెళ్లగానే, సామాను మంచం మీద పెట్టకముందే నల్లుల కోసం చూడండి. తలవైపు గోడ మూలన దుప్పటి ఎత్తి, పరుపు అంచు కుట్టు వెంబడి ఫోన్ టార్చి వేయండి. ఇనుప మంచమైతే బోల్టు రంధ్రాలు, చెక్క మంచమైతే పలకల అతుకులు కూడా చూడాలి. సిరా చుక్కల్లాంటి నల్లటి మచ్చలు కనిపిస్తే తడి కాగితంతో ఒకసారి రుద్దండి. ఎర్రటి గోధుమ రంగులో పాకితే అవి నల్లుల మచ్చలే అయ్యుండొచ్చు. అప్పుడు పడక మార్చమని అడిగితే లాభం లేదు, గది మార్చమనండి. పక్క మంచానికి అవి పాకి వస్తాయి. ఇది హాస్టల్ మురికిగా ఉందనడానికి గుర్తు కాదు. శుభ్రమైన చోటికి కూడా ప్రయాణికుల సంచుల్లోనే వస్తాయి. మొదటి రోజే చెప్తే హాస్టల్‌ వాళ్లకూ మేలు.

రేటింగ్ అంటే పాతవీ కొత్తవీ కలిసిన సగటు. దాన్ని వదిలేసి, గత రెండు నెలల్లో వచ్చిన సమీక్షలు తేదీ వరసలో చదవండి. నీళ్లు, ఏసీ, నల్లులు, చప్పుడు అన్న మాటలు రెండు మూడుసార్లు కనిపిస్తే అవి నమ్మదగ్గవి.

ప్రశ్న: డార్మ్ పడక 599 రూపాయలని చూసి రెండు రాత్రులకు బుక్ చేశాను. అక్కడ అంతకంటే ఎక్కువ అడిగారు. ఇది న్యాయమేనా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: పన్ను వరకైతే న్యాయమే. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7,500 రూపాయల లోపు బసకు జీఎస్టీ 5 శాతం. రెండు రాత్రుల 1,198కి అది దాదాపు 60 రూపాయలు, అంటే మొత్తం 1,258. అంతకు మించి అడిగితే తువాలుకా, లాకర్‌కా, ముందుగా గదిలోకి వచ్చినందుకా అని అడిగి బిల్లులో రాయించుకోండి. యాప్‌లో పన్ను ముందే కట్టి ఉంటే మళ్లీ కట్టనక్కర్లేదు. హాస్టలే పన్ను వసూలు చేస్తే బిల్లు మీద 15 అక్షరాల జీఎస్టీ నంబరు ఉండాలి. పుదుచ్చేరిదైతే అది 34తో మొదలవుతుంది. సెరెనిటీ బీచ్ ఉన్న కొట్టకుప్పం తమిళనాడులోది కాబట్టి అక్కడి నంబరు 33తో మొదలవుతుంది.

ప్రశ్న: మాది యానాం. ఆధార్‌లో రాష్ట్రం పుదుచ్చేరి అని ఉంది. 'స్థానికులకు గది ఇవ్వం' అని ఒక హాస్టల్ వాళ్లు వెనక్కి పంపారు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, యానాం

జవాబు: చాలా హాస్టళ్లలో ఆ ఊరి చిరునామా ఉన్నవాళ్లను తీసుకోకూడదన్న సొంత నియమం ఉంటుంది. కౌంటర్‌లోని కుర్రాడికి రాష్ట్రం పేరు కనిపిస్తుంది కానీ, యానాం కాకినాడ పక్కన గోదావరి ఒడ్డున, పుదుచ్చేరి నగరానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉందని తట్టకపోవచ్చు. బుక్ చేసిన రోజే సందేశం పంపండి: 'చిరునామా యానాం, పిన్ 533464, పుదుచ్చేరి నగరం కాదు' అని. సరేనన్న జవాబును ఫోన్‌లో దాచుకోండి. రైలు టికెట్ కూడా చూపించండి. వాళ్లు ఒప్పుకోకపోతే, డబ్బు వెనక్కి ఇచ్చే గడువు దాటకముందే రద్దు చేసి ఇంకోటి చూసుకోవచ్చు.

ప్రశ్న: పదిహేనేళ్ల మా అబ్బాయితో కలిసి డార్మ్‌లో ఉండొచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: డార్మ్‌లలో సాధారణంగా 18 ఏళ్లు నిండాలి. అదే హాస్టల్లో విడి గది ఇస్తారేమో అడగండి. లేదంటే అరవిందాశ్రమం అతిథిగృహాలు చూడండి. శుభ్రం, ప్రశాంతత వాటి బలం. మద్యం, పొగ నిషేధం. రాత్రి గేటు మూసే వేళ ఉంటుంది, అది ముందే కనుక్కోండి.

ప్రశ్న: నవంబర్‌లో వెళ్తే చవకగా దొరుకుతుందా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: మామూలు రోజుల్లో దొరుకుతుంది. చెన్నై, బెంగళూరు నుంచి జనం వచ్చే శుక్ర, శనివారాల్లో మాత్రం ధర ఎక్కువే. అయితే అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. 2024 నవంబర్ 30న ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి దగ్గరే తీరం దాటింది, చాలా వీధులు నీటమునిగాయి. కాబట్టి ఆ నెలలో డబ్బు వెనక్కి రాని చవక పడక తీసుకోకండి. యాభై, వంద ఎక్కువైనా ముందురోజు దాకా రద్దు చేసుకోగలిగేదే తీసుకోండి. పడక పై అంతస్తులోదై ఉండాలి.